గోడలు ఓనరువి, సామాను మనది



మడకశిరలో కోట కొండ కింది సందుల్లో, బస్టాండు వెనక, హిందూపురం రోడ్డు పక్కన బాడుగ ఇళ్ళలో ఉంటున్న కుటుంబాలతో ఈ పూట కాసేపు మాట్లాడదామని వచ్చాను. రొళ్ళ, అగళి, గుడిబండ, అమరాపురం పల్లెల నుంచి పిల్లల చదువు కోసం వచ్చి ఒక గదో రెండు గదులో తీసుకున్నవాళ్ళు మీలో ఉంటారు. బదిలీ మీద వచ్చిన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, సచివాలయం సిబ్బంది ఉంటారు. బోర్లు ఎండిపోయి బెంగళూరు దారి పట్టి, అక్కడ రేకుల ఇంట్లో బాడుగకు ఉంటూ పండక్కి ఊరొచ్చేవాళ్ళు ఉంటారు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల గదులు తీసుకున్న కుర్రాళ్ళూ ఉంటారు. మీ అందరి సంగతీ ఒకటే. ఉంటున్న ఇల్లు సొంతం కాదు, ఇంట్లో ఉన్నదంతా సొంతం. ఆ ఉన్నదంతా ఒక్క రాత్రిలో నిప్పుకో నీటికో పోతే మళ్ళీ కొనుక్కోవడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? దాని గురించే ఈ ప్రసంగం.

నేను చాలా ఏళ్ళు బీమా సర్వేయరు పని చేసినవాణ్ణి. ఇళ్ళు, అంగళ్ళు కాలినప్పుడు, మునిగినప్పుడు వెళ్ళి నష్టం లెక్క కట్టడం మా పని. ఆ పనిలో పదే పదే నా కళ్ళబడిన విషయం ఒకటుంది. ఓనరు ఇంటికి బీమా ఉంటుంది. ఆ ఇంట్లో కాపురముంటున్న కుటుంబం సామానుకు ఉండదు. మిద్దెకు మళ్ళీ సున్నం కొడతారు, రేకులు మారుస్తారు. బాడుగకున్నవాళ్ళు మాత్రం కట్టుబట్టలతో చుట్టాలింటికి వెళ్ళిపోతారు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. బీమా తమకూ ఉందని, అది తాము చేయించుకోదగ్గ ఖర్చులోనే దొరుకుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

నిజానికి బీమా అన్న మాట మన అనంతపురం మెట్టకు కొత్త కాదు. వేరుశనగ వేసే ప్రతి ఇంటికీ పంట బీమా తెలుసు. జాబితాలో పేరు వచ్చిందా, ఖాతాలో డబ్బు పడిందా అని ఎదురుచూడటం తెలుసు. కానీ ఇంటి సామాను బీమా నడిచే తీరు వేరు. పంట బీమాలో ఒక్క రైతు చేను చూసి లెక్క కట్టడం తక్కువ. ఆ ప్రాంతం మొత్తం దిగుబడినో, అక్కడ కురిసిన వాననో కొలుస్తారు. ఇంటి బీమా ఒక్క ఇంటిది. మనమే అడిగి చేయించుకోవాలి, సామాను విలువ మనమే చెప్పాలి, నష్టం జరిగితే మనమే తెలియజేయాలి. జాబితా దానంతటది రాదు.

ఇంకో పొరపాటు అభిప్రాయం కూడా చాలామందిలో ఉంది. 'మేం ఎల్‌ఐసీ కడుతున్నాం కదా' అంటారు. అది మనిషి ప్రాణానికి చేసిన బీమా. ఇంట్లో మంటలు లేస్తే ఫ్రిజ్‌కు, బీరువాకు అది పైసా ఇవ్వదు. మన దేశంలో బీమా రెండు పాయలుగా నడుస్తోంది. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించిన రోజుల్లో ఎక్కడికక్కడ చిన్న చిన్న కంపెనీలు ఉండేవి. 1956లో జీవిత బీమా మొత్తాన్ని ఎల్‌ఐసీ కిందికి తెచ్చారు. అగ్ని ప్రమాదం, దొంగతనం, వాహనాల వంటి వాటికి చేసే బీమాను సాధారణ బీమా అంటారు. దాన్ని జాతీయం చేసి, 1973 జనవరి 1 నుంచి న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ అనే నాలుగు ప్రభుత్వ కంపెనీలకు అప్పగించారు. తర్వాత ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. ఇంటి సామానుకు బీమా కావాలంటే ఈ సాధారణ బీమా కంపెనీలనే అడగాలి. మీ బైకుకు, ఆటోకు ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీ ఇదీ ఇస్తుంది.

సరే, ఓనరు బీమా సంగతి చూద్దాం. ఓనరు బ్యాంకు అప్పు తీసుకుని ఇల్లు కట్టి ఉంటే, ఆ ఇంటికి బీమా చేయించమని బ్యాంకు అడుగుతుంది. బ్యాంకు దృష్టి తన అప్పు మీద ఉంటుంది. ఓనరు దృష్టి తన గోడల మీద, కప్పు మీద ఉంటుంది. ఆ పాలసీలో మీ పేరు లేదు, మీ సామానూ లేదు. 'ఇంటికి ఇన్సూరెన్స్ ఉందిలేమ్మా' అని ఓనరమ్మ ధైర్యం చెబితే, ఆ మాట ఆమె ఇంటి వరకే నిజం. పైగా మీ వంటింట్లో మీ అజాగ్రత్త వల్లే నిప్పంటుకుందని తేలితే, ఓనరుకు నష్టం చెల్లించిన కంపెనీ ఆ డబ్బు కోసం మిమ్మల్ని అడిగే వీలు కూడా చట్టంలో ఉంది.

మరి ప్రభుత్వం ఇవ్వదా? ఇస్తుంది. కానీ ఎంత ఇస్తుందో తెలుసుకోవాలి. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల ప్రకారం ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా దెబ్బతిన్నా, రెండు రోజులకు పైగా బాగా మునిగినా ఆ కుటుంబానికి బట్టల కోసం 2,500 రూపాయలు, వంట సామాను కోసం 2,500 రూపాయలు ఇవ్వవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం అంతకంటే చాలా ఎక్కువే ఇచ్చింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ప్రకటించింది. ఆపదలో అది పెద్ద ఆసరా. అయినా అక్కడి సింగ్‌నగర్ వీధుల్లో బురద పట్టి బయట పడేసిన ఫ్రిజ్‌లు, మంచాలు, పరుపులు, టీవీలు చూసినవాళ్ళకు తెలుసు, 25,000తో ఒక సంసారాన్ని మళ్ళీ నిలబెట్టడం ఎంత కష్టమో.

'అది కృష్ణా తీరం, మాది కరువు సీమ, ఇక్కడ వరదేంటి?' అని మీకు అనిపించవచ్చు. మనకు ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద భాగం ఒకటి రెండు రాత్రుల్లో కుమ్మరించిపోతే ఏమవుతుందో 2022 అక్టోబరులో అనంతపురం నగరం చూసింది. నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలు నీళ్ళలో నిలబడ్డాయి. ఏళ్ళ తరబడి ఎండి ఉన్న వంక పక్కన, చెరువు కింద ఇళ్ళు లేస్తాయి. అలాంటి చోట బాడుగ కూడా తక్కువ. తక్కువ బాడుగ వెతుక్కునే కుటుంబమే అక్కడికి చేరుతుంది. వరద ఒక్కటే కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రంపూట వచ్చే గాలివానకు రేకులు లేచిపోవడం, పిడుగులు పడటం ఈ మెట్టలో ఏటా ఉన్నదే.

ఇప్పుడు అసలు పాలసీ దగ్గరికి వద్దాం. బీమా కంపెనీలను అదుపులో పెట్టే సంస్థ ఐఆర్‌డీఏఐ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఇళ్ళ బీమా ఒక్కో కంపెనీలో ఒక్కో రకంగా ఉండి జనం తికమక పడుతున్నారని, ఆ సంస్థ ఒక నమూనా పాలసీని తయారుచేసి, 2021 ఏప్రిల్ 1 నుంచి అగ్ని బీమా వ్యాపారం చేసే కంపెనీలన్నీ దాన్ని అమ్మాలని ఆదేశించింది. దాని పేరు భారత్ గృహ రక్ష. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఏ కంపెనీ దగ్గరికి వెళ్ళినా ఈ పేరుతోనే అడగండి. మూల షరతులు అన్నిచోట్లా దాదాపు ఒకటే. ధరలో మాత్రం తేడా ఉండవచ్చు.

ఈ పాలసీని ఓనరు భవనానికి తీసుకోవచ్చు. బాడుగకున్నవాళ్ళు భవనం జోలికి పోకుండా, లోపలి సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. ఇక్కడొక సంగతి చూసుకోవాలి. భవనానికి బీమా చేయించే ఓనరుకు, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, 10 లక్షలకు మించకుండా, సొంత సామానుకు రక్షణ దానంతటదే వస్తుంది. మనకు భవనం లేదు కాబట్టి ఆ వాటా రాదు. సామాను విలువ ఇంత అని మనమే చెప్పి రాయించుకోవాలి.

ఏయే ప్రమాదాలకు ఇది పనికొస్తుంది? నిప్పు, పేలుడు, పిడుగు, భూకంపం, తుపాను, గాలివాన, వరద, నీటి ముంపు, కొండచరియలు పడటం, అల్లర్లు, ఉగ్రవాద చర్య. బయటి నుంచి వాహనం వంటిది వచ్చి గుద్దుకోవడం. మిద్దె మీది నీళ్ళ ట్యాంకు పగిలో, పైపు పగిలో ఇల్లంతా తడవడం. ఈ ప్రమాదాల్లో ఏదైనా జరిగిన తర్వాత ఏడు రోజుల్లోపు, ఆ గందరగోళంలో ఇంట్లో దొంగతనం జరిగితే అది కూడా ఇందులోకి వస్తుంది.

ఏడు రోజుల మాట విని మోసపోకండి. మామూలు రోజుల్లో, మీరు జాతరకో పెళ్ళికో ఊరెళ్ళినప్పుడు తాళం పగలగొట్టి దోచుకుపోతే ఈ పాలసీ ఒక్కటే ఉంటే చాలదు. దొంగతనానికి విడిగా బీమా చేర్పించుకోవాలి. దాన్ని బర్‌గ్లరీ పాలసీ అంటారు. చాలా కంపెనీలు రెండూ కలిపి గృహస్థుల ప్యాకేజీగా ఇస్తాయి. అందులోనూ తలుపో కిటికీయో బలవంతంగా తెరిచిన గుర్తు ఉండాలని సాధారణంగా అడుగుతారు. ఇల్లు ఎన్ని రోజులు వరసగా ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోతుందో పత్రంలో చూసుకోండి. వేసవి సెలవులకు పల్లెకు వెళ్ళే టీచర్లకు, నెలల తరబడి వలస వెళ్ళేవాళ్ళకు ఈ షరతు చాలా ముఖ్యం.

ఇవ్వనివి ఏమిటో కూడా ముందే తెలుసుకుందాం. నష్టం జరిగాక తెలిస్తే గుండె పగులుతుంది. నోట్లు, నాణేలు, సర్టిఫికెట్లు, దస్తావేజులు ఇందులోకి రావు. బంగారు నగలు మామూలు సామానులోకి రావు. వాటి విలువ విడిగా చెప్పి, అదనపు ప్రీమియం కట్టి చేర్పించుకోవాలి. వాహనాలకు వేరే పాలసీ ఉండాలి. కరెంటు ఎక్కువ తక్కువలై ఒక టీవీ లోపలే కాలిపోతే ఆ టీవీకి ఇవ్వరు. కానీ ఆ టీవీలో పుట్టిన మంట పరుపుకు, బీరువాకు అంటుకుంటే వాటికి ఇస్తారు. చెదలు తినడం, ఎలుకలు కొరకడం, తుప్పు పట్టడం, పాతబడటం ప్రమాదాలు కావు. ఎన్నో ఏళ్ళుగా నాని నాని పెచ్చులూడిన మట్టి మిద్దె ఒక మామూలు వానకు కూలిందనుకోండి, అది గాలివాన వల్లనా, పాతబడటం వల్లనా అనే వాదన తప్పదు. కాబట్టి ప్రమాదకరమైన మిద్దె కింద బీమాను నమ్ముకుని కాపురం ఉండకండి. 2021 నవంబరు వానలకు కదిరిలో మూడంతస్తుల భవనం కూలి పసిపిల్లలతో సహా మనుషులే పోయారు. ఏ పాలసీ కంటే ముందు ప్రాణం.

ఇంట్లోనే చిన్న వ్యాపారం చేసేవాళ్ళు మరో మాట వినాలి. ముందు గదిలో చిల్లర అంగడి పెట్టుకున్నారా, నాలుగు కుట్టుమిషన్లు వేసి టైలరింగ్ నడుపుతున్నారా? కాపురం ఇంటి పాలసీలో వ్యాపార సరుకు చేరదు. ఆ సంగతి దాచకుండా ముందే చెప్పండి. చిన్న వ్యాపారాల కోసం అదే 2021లో భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీని కూడా తెచ్చారు. ఏ బీమాలోనైనా మొదటి సూత్రం నిజం చెప్పడమే. ఇల్లు ఆర్‌సీసీ మిద్దెనా, రేకులదా, కొట్టమా అన్నది ఉన్నదున్నట్టు రాయించండి. తక్కువ ప్రీమియం కోసం ఇవాళ చెప్పిన అబద్ధం రేపు క్లెయిమును ముంచేస్తుంది.

ఇక విలువ కట్టడం ఎలా? ఒక సామాన్యమైన బాడుగ ఇంటిని ఊహించుకుని లెక్క వేద్దాం. టీవీ 15,000. ఫ్రిజ్ 18,000. వాషింగ్ మిషను 14,000. గ్రైండరు, మిక్సీ కలిపి 9,000. బీరువా 12,000. మంచాలు, పరుపులు 22,000. ఫ్యాన్లు 6,000. స్టీలు, ఇత్తడి సామాను 30,000. ఇంటిల్లిపాది బట్టలు, రెండు ధర్మవరం పట్టుచీరలతో కలిపి 60,000. కొడుకు చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్ 40,000. అన్నీ కలిపితే 2 లక్షల 26 వేలు. 'మా ఇంట్లో ఏముందిలే సార్' అనే కుటుంబం లెక్క ఇది. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఒక్కొక్కటీ కూడబెట్టి, కొన్ని కంతుల మీద, కొన్ని పెళ్ళి కట్నంగా వచ్చినవి. ఒక్కసారిగా మళ్ళీ కొనాలంటే అప్పు చేయక తప్పదు.

విలువ రాసేటప్పుడు ఆ వస్తువును అప్పట్లో ఎంతకు కొన్నామని రాయకండి. ఇవాళ అలాంటిదే కొత్తది కొనాలంటే ఎంత అవుతుందో అది రాయండి. తక్కువ రాస్తే పాత రకం పాలసీల్లో ఒక చిక్కు ఉండేది. 5 లక్షల సామానుకు 3 లక్షలే బీమా చేసి, 2 లక్షల నష్టం జరిగిందనుకోండి. మీరు ఐదింట మూడు వంతులకే బీమా చేశారు కాబట్టి, నష్టంలోనూ ఐదింట మూడు వంతులే, అంటే 1 లక్షా 20 వేలే ఇస్తామనేవాళ్ళు. భారత్ గృహ రక్షలో ఆ కోత తీసేశారు. మీరు రాయించిన మొత్తం దాటనంతవరకు 2 లక్షల నష్టానికి 2 లక్షలూ వస్తాయి. వేరే పాలసీ ఏదైనా ఎవరైనా చూపిస్తే, 'తక్కువ బీమా కోత ఇందులో ఉందా?' అని ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి.

ప్రీమియం ఎంత అంటారా? రెండు మూడు లక్షల సామానుకు నిప్పు, వరద వంటి ప్రమాదాల వరకు చూసుకుంటే ఏడాదికి సాధారణంగా వందల్లోనే ఉంటుంది. దొంగతనం, నగలు చేర్చితే పెరుగుతుంది. రెండు మూడు కంపెనీల్లో అడిగి పోల్చుకోండి. కొంచెం అదనంగా కడితే, ఆ ప్రమాదంలోనే పాలసీదారుకో, భార్యకో భర్తకో ప్రాణనష్టం జరిగితే 5 లక్షలు ఇచ్చే ఏర్పాటు కూడా ఈ పాలసీలో ఉంది.

బాడుగకున్నవాళ్ళం ఇళ్ళు మారుతుంటాం. పాలసీ ఒక చిరునామాకు కట్టి ఉంటుంది. పాత ఇంటి పేరు మీద ఉన్న బీమా కొత్త ఇంటికి మీ వెంట నడిచి రాదు. ఇల్లు మారిన వారంలోనే కంపెనీకి తెలియజేసి చిరునామా మార్పించుకోండి. మార్చినట్టు కాగితం తీసుకోండి.

ఇదే చిరునామా సంగతి వంట గ్యాసు దగ్గర ఇంకా ముఖ్యం. గ్యాస్ కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ ఆయిల్ కంపెనీలు చేయించిన బీమా ఒకటి ఉందని మీలో ఎంతమందికి తెలుసు? మీరు విడిగా ప్రీమియం కట్టనక్కరలేదు. గ్యాస్ వల్లే ప్రమాదం జరిగి మనిషి చనిపోతే ఒక్కొక్కరికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు ఇచ్చే ఏర్పాటు అది. అయితే ఆస్తి నష్టం నమోదైన చిరునామాలోనే జరిగి ఉండాలి. మనవాళ్ళు ఏం చేస్తారు? కనెక్షన్ పల్లెలో అత్తగారింటి పేరు మీద ఉంటుంది, సిలిండరు మడకశిర గదిలో ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజున ఆ తేడాయే అడ్డం వస్తుంది. కాబట్టి ఇల్లు మారగానే గ్యాస్ ఏజెన్సీకి వెళ్ళి చిరునామా మార్పించండి. ప్రమాదం జరిగితే వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేయండి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా, కిటికీలు తెరిచి, 1906 నంబరుకు ఫోన్ చేయండి. 2022 మే నెలలో మన పక్కనే శెట్టూరు మండలం ములకలేడులో సిలిండరు పేలి నలుగురు చనిపోయారు. ఒక ఇంటి సిలిండరు పక్కింటి వాళ్ళకు కూడా ప్రమాదమేనని మనం మరవకూడదు.

ఇక నష్టం జరిగితే దాన్ని రుజువు చేసుకోవడం ఎలా? సర్వేయరుగా నేను కాలిన ఇంట్లో అడుగు పెట్టినప్పుడు ఏం మిగిలి ఉంటుందో చెబుతాను. ఫ్రిజ్ తలుపు కరిగి ముద్దై ఉంటుంది, కానీ వెనక కింద కంప్రెసరు నల్లగా మిగిలి ఉంటుంది. గ్రైండరు రాయి మిగులుతుంది. ఇత్తడి బిందె సొట్టపడి మిగులుతుంది. వీటిని చూసి మేము నమ్ముతాం, రాసుకుంటాం. పట్టుచీర మాత్రం గుప్పెడు బూడిద. అది పట్టుదో నూలుదో బూడిద చెప్పదు. ల్యాప్‌టాప్ ఉందో లేదో ఆ కరిగిన ప్లాస్టిక్ చెప్పదు. ఆ ఇంటి అక్క 'రెండు పట్టుచీరలు ఉండేవి సార్' అని ఏడుస్తుంటే, ఆమె చెప్పేది నిజమేనని మనసుకు తెలిసినా, రాయడానికి మాకు ఆధారం కావాలి. అందుకే ముందుగానే ఫోన్‌తో ఇల్లంతా తిరుగుతూ వీడియో తీయండి. బీరువా తెరిచి చీరలు, అడుగున పెట్టెలు, అటక మీది సామాను అన్నీ కనబడాలి. ఫ్రిజ్, టీవీ వెనక ఉండే మోడలు నంబరు కాగితం ఫోటో తీయండి. బిల్లులు ఉంటే వాటినీ తీయండి. ఆ వీడియోను, ఫోటోలను ఇంకో ఊళ్ళో ఉన్న తమ్ముడికో చెల్లెలికో వాట్సాప్‌లో పంపించండి. ఇంటితోపాటు ఫోనూ కాలిపోతే ఆ వీడియో ఇంకెక్కడో భద్రంగా ఉండాలి. సర్టిఫికెట్లకు బీమా రాదని ఇందాక చెప్పాను, కాబట్టి పిల్లల సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో ఎక్కించి పెట్టండి.

ప్రమాదం జరిగిన వెంటనే ముందు మనుషులను బయటికి తీసుకురండి, 101కి ఫోన్ చేయండి. తర్వాత ఆలస్యం చేయకుండా బీమా కంపెనీకి తెలియజేసి, క్లెయిము నంబరు రాసుకోండి. దొంగతనమైతే పోలీసు స్టేషనులో ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి. నష్టం గమనించిన 30 రోజుల్లోపు క్లెయిము ఫారం ఇవ్వాలి. సర్వేయరు వచ్చి చూసేదాకా కాలిన సామాను పారేయకండి, అమ్మకండి. మిగిలింది పాడవకుండా కాపాడటం కూడా మన బాధ్యతే. బిల్లు ఒకటి లేదనో, కాగితం ఒకటి లేదనో భయపడి క్లెయిము వదులుకోకండి. కాగితాలు లేవన్న ఒక్క సాకుతో క్లెయిమును తిరస్కరించకూడదని ఐఆర్‌డీఏఐ 2024లో స్పష్టంగా చెప్పింది.

అయినా కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే ఏం చేయాలి? ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతలో ఫిర్యాదు చేయండి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా కేంద్రానికి 155255 నంబరులో చెప్పవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇలాంటి తగాదాలు తీర్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, తెల్ల కాగితం మీద మీ సంగతి మీరే రాయవచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి, అది మరవకండి.

మన హిందూపురం, మడకశిర ప్రాంతంలో బోగ్యం పద్ధతి కూడా ఉంది. నెల నెలా బాడుగ లేకుండా, ఒకేసారి రెండు లక్షలో మూడు లక్షలో ఓనరుకు ఇచ్చి రెండు మూడేళ్ళు ఉంటారు. గడువు తీరాక ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. ఇల్లు కాలినా కూలినా ఆ బోగ్యం డబ్బుకు సామాను బీమా అండగా రాదు. దానికి అండ అగ్రిమెంటు ఒక్కటే. నోటి మాట మీద ఇవ్వకండి. స్టాంపు కాగితం మీద రాయించుకుని, డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో కూడా అందులో రాయించండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను బాడుగదారుకు ఒక హక్కు ఇచ్చింది. నిప్పు, తుపాను, వరద వంటి వాటి వల్ల ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే, అది మీ తప్పు వల్ల జరగకపోతే, ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీది. ఒప్పందంలో దీనికి విరుద్ధంగా రాసి ఉంటే వేరే సంగతి. అందుకే సంతకం చేసేముందు చదివించుకుని వినండి.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు బాడుగ ఇంటి సామాను బీమా కొత్త విషయమేమీ కాదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్టుమెంటు తీసుకుంటే, చాలా చోట్ల బాడుగదారు బీమా కాగితం చూపించమని అడుగుతారు. అక్కడి పాలసీలో సామానుతోపాటు, మన వల్ల ఇతరులకు కలిగే నష్టం కూడా చేరి ఉంటుంది. అక్కడ ఉన్న మన బిడ్డకు అలవాటైన రక్షణ ఇక్కడ మడకశిరలో ఉన్న అమ్మానాన్నలకు కూడా ఉండాలి కదా. చట్టం బలవంతం చేయకపోయినా మనం మేలుకోవాలి.

సామాను సంగతి ఇంతసేపు మాట్లాడాను. మనుషుల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ళ వారందరూ చేరవచ్చు. జీవన జ్యోతి యోజనలో 436 రూపాయలకు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు వస్తాయి. దీనిలో 18 నుంచి 50 ఏళ్ళ లోపువారు చేరాలి. రెండూ మీ బ్యాంకు ఖాతా నుంచే మే నెలాఖరులో కోత పడతాయి. ఆ సమయానికి ఖాతాలో డబ్బు లేక ఎంతోమంది రక్షణ పోగొట్టుకుంటున్నారు. మే నెల వచ్చేసరికి పాస్‌బుక్ ఒకసారి చూసుకోండి.

అన్నలారా, అక్కలారా, ఈ వారంలో మూడు పనులు చేయండి. ఒకటి, ఇంట్లో ఉన్న సామాను జాబితా రాసి, ఇవాళ్టి ధర వేసి, కూడి చూడండి. ఆ అంకె చూశాక బీమా ఎందుకో ఎవరూ మీకు చెప్పనక్కరలేదు. రెండు, ఇల్లంతా వీడియో తీసి ఇంకొకరికి పంపండి. మూడు, గ్యాస్ చిరునామా మార్పించండి, హిందూపురమో అనంతపురమో వెళ్ళినప్పుడు బీమా ఆఫీసులో భారత్ గృహ రక్ష కింద సామానుకు మాత్రమే ఎంత అవుతుందో అడగండి. కట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ తెలియక వదిలేయడం మాత్రం వద్దు. బాడుగ ఇంట్లో ఉన్నా, మీరు కష్టపడి కూర్చుకున్న ప్రతి వస్తువుకూ విలువ ఉంది, దాన్ని కాపాడుకునే హక్కు ఓనరుకు ఎంత ఉందో మీకూ అంతే ఉంది.